పిట్ట కంప్యూటర్లు

పదకొండో భాగం

పోయిన వారం కథ శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో, విజయనగరం బస్సు కిటికీ దగ్గర ఆగింది. లోపల కూర్మమ్మ, బయట శాంతికుమార్.

కూర్మమ్మది శ్రీకూర్మం పక్క ఊరు. పెళ్ళయి, ఆడపిల్ల పుట్టాక ఇంటరు పాసైన మనిషి. పొద్దున పూట వేరుశనగ చేలో అత్త గురమ్మతో సమానంగా పని చేసి, మధ్యాహ్నం బస్సెక్కి శ్రీకాకుళం వచ్చి, పాలకొండ రోడ్డులో మేడ మీదున్న షారోన్ కంప్యూటర్ సెంటర్లో నేర్చుకుంది. విజయనగరంలో ఓ ప్రైవేటు ఆసుపత్రివాళ్ళు రిసెప్షన్లో పనికి పరీక్ష పెడతాం రమ్మన్నారు. ఆ సెంటర్ నుంచి అలాంటి పిలుపు అందుకున్న మొదటి మనిషి ఆమే. సెంటర్ నడిపే శాంతికుమార్ మేష్టారు తనే దగ్గరుండి బస్సెక్కించాడు. "భయపడకమ్మా. మన దగ్గర ఎలాగున్నాదో అక్కడా అలాగే ఉంటాది. అంతా విండోసే కదా," అన్నాడు.

బస్సు కదిలిపోయింది. ఆ మాట మాత్రం అతని నోట్లో చేదుగా ఉండిపోయింది. ఎందుకంటే షారోన్ సెంటర్లోని ఒక్క కంప్యూటర్లోనూ విండోస్ లేదు. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలీదు. అక్కడే కూర్చుని టైపింగ్ నేర్పే అతని భార్య గ్లోరీకి కూడా తెలీదు.

ఆ రోజు సాయంత్రం వాన మొదలైంది. మేడ మీద రేకుల చప్పుడుకి కాస్త గొంతెత్తితే గానీ మాట వినబడటం లేదు. గ్లోరీ వరసగా కూర్చున్న ఆడపిల్లల వెనక తిరుగుతూ వాళ్ళ వేళ్ళు సరిచేస్తోంది. చివర కుర్చీలో రైసు మిల్లు గుమాస్తా దాలయ్య, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో అక్షరం వెతికి పట్టుకుని పొడుస్తున్నాడు. శాంతికుమార్ ప్రింటర్లో ఇరుక్కున్న ఎవరిదో కాగితం లాగుతూ, మెట్ల వైపే చెవి పెట్టుకుని ఉన్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కూర్మమ్మ వచ్చింది. కొత్త చీర అంచు మోకాళ్ళ దాకా బురద. తల తడిసి ముద్దయింది.

"ఓలమ్మ, వచ్చీసిందర్రా!" అంటూ దాలయ్య లేచాడు. "ఏటైనాది కూర్మమ్మా? మాకు మిఠాయి ఉన్నాదా లేదా?"

కూర్మమ్మ అతని వైపు చూడలేదు. గ్లోరీ ఇచ్చిన తువ్వాలు తీసుకుని, తుడుచుకోకుండా ఒళ్ళో పెట్టుకుని, రోజూ తను కూర్చునే కంప్యూటర్ ముందు కూర్చుంది. మీట నొక్కింది. పాత ఫ్యాను బరబరమంటూ తిరిగింది. నల్లటి తెర మీద నీలం రంగు గుండ్రం వచ్చింది. అందులో రెక్కలు చాపిన తెల్లటి పిట్ట.

"సార్," అంది, తెర మీంచి చూపు తిప్పకుండానే. "ఈ పిట్టేటి?"

గదిలో టైపింగ్ ఆగలేదు గానీ, గ్లోరీ తలెత్తి చూసింది.

ఈ ప్రశ్న శాంతికుమార్‌కి కొత్త కాదు. చేరిన ప్రతివాళ్ళూ మొదటిరోజు అడిగేదే. 'మన సెంటర్ గుర్తమ్మా' అని చెప్పేవాడు. పిల్లలు నమ్మి, ముచ్చటపడి, ఇళ్ళకెళ్ళి 'మావి పిట్ట కంప్యూటర్లు' అని చెప్పుకునేవారు. ఇప్పుడూ అలవాటుగా నోరు అదే చెప్పబోయింది.

"చెప్పాను కదమ్మా, అది మన..."

మాట సగంలో ఆగిపోయింది. కూర్మమ్మ మొహం తిప్పి అతని కళ్ళలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆరిన కళ్ళు.

"సెప్పండి సార్. ఆగిపోనారేటి? మన సెంటర్ గుర్తు. అదే గదా? నాను కూడా ఆలకి అదే సెప్పేను."

శాంతికుమార్ చేతిలోని ప్రింటర్ కాగితం నలిగింది.

"ఏం జరిగింది కూర్మమ్మా?" అని గ్లోరీ దగ్గరికొచ్చింది.

"పరీక్ష ఇచ్చేరు మేడమ్. ఒక ఉత్తరం టైపు సెయ్యమన్నారు, గళ్ళు గీసి పేర్లు ఎక్కించమన్నారు. నాకొచ్చినదే గదా అనుకున్నాను. కూసున్నాను. సూస్తే ఏదీ ఉండాల్సిన సోట లేదు. మనకి పైన ఒరసగా మాటలుంటాయి గదా, నొక్కితే కిందికి దిగుతాయి? అక్కడ అయ్యేవీ లేవు. అన్నీ బొమ్మలే. గళ్ళు ఎక్కడున్నాయో తెలదు. నా పక్కన కూసున్న గుంట టకటకా సేసీసి ఎలిపోనాది. నాను అలాగే కూసున్నాను."

"కంగారు పడ్డావేమో. కొత్త చోటు కదా," అంది గ్లోరీ.

"కంగారు పడితే బాగుణ్ణు మేడమ్. నాను కంగారు పడలేదు. దెబ్బలాడేను." కూర్మమ్మ ఒళ్ళో తువ్వాలు సవరించుకుంది. "అక్కడ కంప్యూటర్లు సూసుకునే బాబు, మోహనకృష్ణ అంట, 'ఏమ్మా, వర్డు నేర్చుకోలేదా?' అన్నాడు. 'నేర్సుకున్నాను. మీదే వర్డు కాదు. వర్డంటే ఇలాగుండదు. మా సార్ నేర్పింది నాకు తెలుసు,' అన్నాను. అందరి ముందరా అన్నాను. ఆల మేనేజరమ్మ నవ్వింది. నవ్వితే నాకు కోపం వచ్చింది. 'మా సార్ ఆదివారం సెర్చికెల్లే మనిషి. అబద్దం సెప్పరు. మీ కంప్యూటరే తప్పు,' అన్నాను."

టైపింగ్ ఆగిపోయింది.

పరీక్ష పోయిందని వచ్చి తిడుతుందేమో అనుకున్నాడు శాంతికుమార్. తిట్లకి సిద్ధపడే ఉన్నాడు. కానీ ఆ మనిషి, ఊరు కాని ఊళ్ళో, చదువుకున్నవాళ్ళ మధ్యలో నిలబడి, తన తరఫున గొంతెత్తి వాదించింది. తన అబద్ధాన్ని నిజమని పట్టుకుని వాదించింది. దానికి మాత్రం అతను సిద్ధంగా లేడు.

"అప్పుడు ఆ బాబు నెమ్మదిగా అడిగేడు," అంటోంది కూర్మమ్మ. "మీ కంప్యూటర్ వేసినప్పుడు మొదట ఏటి కనబడతాది అనీసి. పిట్ట అన్నాను. ఎలాంటి పిట్ట అంటే సెప్పేను. 'అది విండోస్ కాదమ్మా. లైనక్సు అంటారు. ఊరికే వస్తాది. పాత డబ్బాల్లో అదే పెట్టుకుంటారు. దాని మీద విండోస్ బొమ్మలు అతికించి మీ సార్ మీకు సూపించేడు,' అన్నాడు. నిజమా సార్?"

అబద్ధం మొదలైన రోజు శాంతికుమార్‌కి కళ్ళ ముందుకొచ్చింది.

విశాఖలో ఓ ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత మెషీన్లు తెచ్చి ఈ సెంటర్ పెట్టాడు. ఎవరో ఇచ్చిన దొంగ కాపీ విండోస్ వేస్తే, పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవుల్లోంచి వైరసులు ఎక్కి వారానికోసారి అన్నీ కూలబడేవి. ఆ వేసవిలో, ఆ పాత విండోస్‌ని ఇక పట్టించుకునేది లేదని కంపెనీయే చెప్పేసింది. కొత్తది వేద్దామంటే ఈ మెషీన్లు మొయ్యలేవు. నెట్‌లో వెతికి వెతికి, పాత మెషీన్లకి సరిపడే తేలికపాటి లైనక్స్ ఒకటుందని తెలుసుకుని, సీడీ చేసి ఎక్కించాడు. చచ్చిందనుకున్న డబ్బా చకచకా లేచి కూర్చుంది. ఆ రోజు గదిలో ఒక్కడే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాడు. అందరికీ చూపించాలనుకున్నాడు. బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాలనుకున్నాడు.

మర్నాడు కూతుర్ని చేర్చడానికొచ్చిన ఒకాయన గుమ్మంలోనే నిలబడి, "ఇందులో విండోసేనా బాబూ?" అని అడిగాడు.

అవునన్నాడు. అంతే. కాదంటే ఆయన వెనక్కి తిరిగి, ఎదురు మేడ మీది సెంటర్‌కి వెళ్ళిపోతాడని తెలుసు. ఒక్క మాట. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆ రాత్రే తెర మీద పచ్చటి కొండ, నీలాకాశం బొమ్మ పెట్టాడు. కింద మూల బొత్తానికి విండోస్ గుర్తు అతికించాడు. రాసుకునే దానికి 'వర్డ్' అనీ, గళ్ళ దానికి 'ఎక్సెల్' అనీ పేర్లు మార్చాడు. ఆ పిట్టని మాత్రం తియ్యడం చేతకాలేదు. దానికో కథ అల్లాడు.

"నిజమేనమ్మా," అన్నాడు శాంతికుమార్. "ఆ బాబు చెప్పింది నిజం."

గ్లోరీ చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. విసరలేదు. చాలా నెమ్మదిగా పెట్టింది. విసిరుంటే అతనికి కొంచెం తేలిగ్గా ఉండేది.

"ఏటి నిజం?" అని దాలయ్య ముందుకొచ్చాడు. "అంటే ఏటి బావూ, నాను ఇన్నాళ్ళూ నేర్సుకున్నది కంప్యూటర్ కాదేటి?"

"కంప్యూటరే దాలయ్య గారూ. విండోస్ కాదు. వేరేది. పని ఒక్కటే. పేరు వేరు, అమరిక వేరు."

"మరి పేరు మార్సడం దేనికి?"

శాంతికుమార్ వెళ్ళి కూర్మమ్మ ముందున్న కంప్యూటర్ మీద వంగాడు. ఆమె కుర్చీ పక్కకి జరుపుకుంది, తగలకుండా. ఆ జరుపుకోవడం అతనికి చెంపదెబ్బలా తగిలింది. పచ్చటి కొండ బొమ్మ తీసేశాడు. అతికించిన గుర్తు తీసేశాడు. 'వర్డ్' అన్న పేరు చెరిపి, దాని అసలు పేరు వచ్చేలా చేశాడు. బొమ్మ మీద బొమ్మ ఊడిపోతుంటే పిల్లలంతా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. చివరికి బోసిగా, నీలంగా, ఏ వేషమూ లేకుండా తెర మిగిలింది.

"ఇదీ దీని మొహం," అన్నాడు. "ఇది మంచిదే. ఈ పాత మెషీన్లు బతికింది దీనివల్లే. తప్పు దీనిది కాదు, నాది. చెబితే మీరు రారని భయపడ్డాను."

"మాకెందుకు సెప్పలేదు సార్?" కూర్మమ్మ లేచి నిలబడింది. "ఇది లైనక్సు, అక్కడ ఇంకోటి ఉంటాది, దాన్లో ఇది ఇక్కడుంటాది, అది అక్కడుంటాది అనీసి సెప్తే మాకు పట్టదా? అంత మొద్దులమా? సేలో పని సేసుకునే దానికి ఏటి తెలుస్తాది, పచ్చకొండ బొమ్మ సూపిస్తే సాలు అనుకున్నారు. అంతే గదా?"

"అలా అనుకోలేదమ్మా..."

"అనుకున్నారు సార్."

శాంతికుమార్ ఒప్పుకోకుండా ఉండలేకపోయాడు. నిజమే, అనుకున్నాడు. ఎదురు మేడ మీది సెంటర్‌కి వెళ్ళే కాలేజీ పిల్లలైతే మొదటిరోజే పట్టేసేవారు. గార మండలం నుంచి, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు గనక నడిచిపోయింది. వాళ్ళకి తెలియకపోవడం మీదే తన సెంటర్ నిలబడి ఉంది. ఇంతకాలం పేదపిల్లలకి చదువు చెబుతున్నానని ఆదివారం ప్రార్థనలో తల వంచుకుని కృతజ్ఞతలు చెప్పుకున్న మనిషి, ఇప్పుడు అదే తల ఎత్తలేకపోయాడు.

ఓ పిల్ల సంచీ భుజానికేసుకుని మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది. ఇంకో ఇద్దరు గొడుగు వెతుక్కుంటూ ఆమె వెనకే వెళ్ళారు. శాంతికుమార్ ఆపలేదు.

"మా నాన్న చేత చర్చిలో చెప్పించారు," అంది గ్లోరీ. ఎవరికీ వినబడకూడదన్నట్టు చెప్పిందే గానీ, వాన కాస్త తెరిపిచ్చిన క్షణమది, అందరికీ వినబడింది. ఆమె తండ్రి కృపారావు మిషన్ స్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆరాధన అయ్యాక లేచి నిలబడి, మా అల్లుడి సెంటర్లో మంచి కంప్యూటర్లున్నాయి, పిల్లల్ని పంపండి అని ఆయన చెబితే, కాదన్న ఇల్లు లేదు. "ఆయన ఎప్పుడూ ఎవరికీ అబద్ధం చెప్పి ఎరగరు. మీరు ఆయన చేత చెప్పించారు. నా చేత రోజూ చెప్పించారు. నేను ఈ పిల్లలకి 'వర్డ్ తెరవండి, వర్డ్ తెరవండి' అని అరిచాను చూశారా, ఇన్నాళ్ళూ..."

అతని వైపు కాక కిటికీ వైపు తిరిగి నిలబడింది.

శాంతికుమార్ ఒక కుర్చీ పట్టుకున్నాడు. "రేపటి నుంచి బోర్డు మారుస్తాను," అన్నాడు అందరితో. "ఇది లైనక్స్ అని రాయిస్తాను. ఉన్నదున్నట్టు చెబుతాను. ఉండేవాళ్ళు ఉండండి, పోయేవాళ్ళని తప్పు పట్టను. మావయ్య గారికీ నేనే వెళ్ళి చెబుతాను. ఇకమీదట ఈ గదిలో నా నోట అబద్ధం రాదు. కూర్మమ్మా, నీకు జరిగినదానికి... వాళ్ళ దగ్గరికి నేనొస్తాను. నీకు రాక కాదు, నేను తప్పు నేర్పానని చెబుతాను. ఇంకోసారి పరీక్ష పెట్టమని అడుగుతాను."

కూర్మమ్మ మొహంలో కోపం ఉండాల్సిన చోట ఇంకేదో కనబడింది. అది భయం అని అతనికి వెంటనే తట్టలేదు.

"మీరు అక్కడికి రాకండి సార్," అంది.

"ఎందుకని?"

"రాకండి." మళ్ళీ కుర్చీలో కూలబడింది. తువ్వాలు రెండు చేతులతో పిండుతోంది. "ఇంకోటి సెప్పలేదు నాను. పరీక్ష పోనాక ఆ బాబుకి నా మీద జాలేసినట్టున్నాది. రిసెప్షన్లో పాత కంప్యూటర్ ఒకటి ఉన్నాది, ఏస్తే లేవడానికే సేపు పడతాది, 'దీన్లో నీ పిట్టని పెట్టొచ్చు. అది పెట్టడం నీకు వచ్చునా?' అన్నాడు. వచ్చునన్నాను."

"నీకెలా వచ్చు?"

"మీరు సర్వీసింగు సేస్తన్నాను అనీసి సీడీ పెట్టేవారు గదా? నాను గది ఊడ్సినప్పుడల్లా ఎనకాల నిలబడి సూసేదాన్ని. ఏటి నొక్కితే ఏటి వస్తాదో నాకు ఒరస తెలుసు. సేసిన తర్వాత పిట్ట వస్తాది. ఆ బాబు సీడీ ఇచ్చేడు. ఈలోగా పైన ఎక్స్‌రే గదిలో ఏదో ఆగిపోనాదని పిలిసేరు. 'నేను వచ్చినాక ఇద్దరం సేద్దాం, అందాకా ముట్టుకోకు,' అనీసి ఎల్లేడు."

శాంతికుమార్ పట్టుకున్న కుర్చీ వదిలేశాడు.

"ముట్టుకున్నావా?"

"నన్ను సూసి నవ్వేరు సార్. ఆయన దిగీసరికి పెట్టీసి ఉంచితే, అప్పుడు నవ్వరు గదా అనుకున్నాను."

"కూర్మమ్మా, నువ్వు ఏం నొక్కావో చెప్పు. మధ్యలో ఒక చోట అడుగుతుంది. పాతది ఉంచి పక్కన పెట్టనా, మొత్తం తుడిచేసి పెట్టనా అని. అక్కడ ఏం నొక్కావు?"

"ఇంగిలీసులో ఉన్నాది. నాకు అరదం కాలేదు. మొదటిది దానంతటదే పెట్టుకుని ఉన్నాది. నాను రెండోది నొక్కేను." ఆమె అతని మొహంలోకి చూసింది. "మీరెప్పుడూ రెండోదే గదా సార్ నొక్కేది?"

అవును. అతనెప్పుడూ రెండోదే నొక్కేవాడు. విశాఖ నుంచి తెచ్చిన చెత్తలో దాచుకోవాల్సిందేమీ లేదు గనక, ప్రతిసారీ మొత్తం తుడిచేసేవాడు. అదేమిటో, ఎందుకో, ఎప్పుడు నొక్కకూడదో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే చేస్తున్నది సర్వీసింగు కాదని చెప్పాల్సి వచ్చేది.

"పిట్ట వచ్చింది సార్. ఎంత సంతోషపడ్డానో. ఇంతలో అక్కడ పేషెంట్లకి సీటీలు రాసే అమ్మ బోజనం సేసి వచ్చినాది. 'ఇందులో పేషెంట్ల పేర్లుండాల, ఆపరేషన్లైనోల కాగితాలుండాల. అయ్యెక్కడున్నాయి?' అన్నాది. నాను ఎతికేను. ఏటీ లేదు. ఆ అమ్మ ఆ బాబుని పిలవడానికి పైకెల్లింది. నాను సంచీ తీసుకుని వచ్చీసినాను. ఎవులికీ సెప్పలేదు. బస్సు ఎక్కీసినాను."

దాలయ్య నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. గ్లోరీ కిటికీ వదిలి ఇటు తిరిగింది.

"ఆ మెషీన్ని మళ్ళీ ఎవరూ వాడకుండా ఉంటే," అన్నాడు శాంతికుమార్, తనలో తను అనుకుంటున్నట్టు, "కొంతైనా వెనక్కి తియ్యొచ్చు. దాన్ని ఆపి పక్కన పెట్టాలి. ఎవరూ ఏమీ రాయకూడదు దాంట్లో. ఇప్పుడే చెప్పాలి వాళ్ళకి..."

బల్ల మీద అతని ఫోను మోగింది. రెండు సిమ్ములు పట్టే చైనా ఫోను. దాని మోత మేడంతా అదిరేలా ఉంటుంది. గ్లోరీ దగ్గరగా ఉంది, తొంగి చూసింది.

"విజయనగరం కోడు," అంది.

"దరకాస్తులో మీ నంబరే ఇచ్చేను సార్," అంది కూర్మమ్మ.

శాంతికుమార్ ఫోను ఎత్తాడు. చెవికి ఆనించుకోకముందే, అవతలి గొంతు గదిలో అందరికీ వినబడింది.

"షారోన్ సెంటరా? నేను ఆసుపత్రి నుంచి మోహనకృష్ణని. మా మేనేజరమ్మ పోలీస్ స్టేషన్‌కి పోదామని నా పక్కనే కూర్చుంది. ముందు ఒక్కసారి మీతో మాట్లాడి చూస్తానని ఆపాను. కూర్మమ్మ అక్కడికి వచ్చిందా?"

కూర్మమ్మ రెండు చేతులూ జోడించింది. తల అడ్డంగా ఊపుతోంది. "లేదని సెప్పండి సార్," అంది, పెదాలు మాత్రమే కదిలించి. "మీ కాళ్ళు పట్టుకుంటాను. మా అత్తకి తెలిస్తే నన్ను మళ్ళీ గడప దాటనివ్వదు. ఈ ఒక్కసారికి లేదని సెప్పండి."

దాలయ్య చూస్తున్నాడు. వెళ్ళకుండా మిగిలిన పిల్లలు చూస్తున్నారు. గ్లోరీ అతని నోటి వైపు చూస్తోంది, అందులోంచి ఏ మాట వస్తుందోనని.

"హలో? వింటున్నారా సార్? ఆ అమ్మాయి మీ దగ్గర ఉందా, లేదా?"

శాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు.

(సశేషం)